శుక్రుడి మీదుగా వచ్చిన జవాబు

జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ స్టూడెంట్ హాస్టల్లో పొద్దున్నే వంటగది కోసం కొట్లాట. ఒకరికి కాఫీ, ఒకరికి ఉప్మా, అందరికీ ఒకే స్టవ్వు. శుక్రగ్రహం నుంచి వచ్చిన ఇనప గుండు మాత్రం కిటికీ పక్కన ఎవరి జోలికీ పోకుండా ఉంటుంది. సోవియట్ వాళ్లు మనుషుల్లేకుండా పంపిన తొలి యంత్రాల్లో అదొకటి. అక్కడ దిగి, పక్కకు ఒరిగి, వినపడీ వినపడనట్టు నాలుగు కబుర్లు పంపి ఆగిపోయిందట. మొన్న నవంబర్లో బాల్కనీలో కనిపిస్తే, హాస్టల్ బాగోగులు చూసే హౌస్‌మైస్టర్ వచ్చి, దారికి అడ్డం లేకుండా లోపల పెట్టుకోమన్నాడు. అక్కడి వేడి ఇంకా దాన్ని వదల్లేదు. ఈ చలిలో దోసెల పిండి పొంగాలంటే గిన్నె దాని పక్కన పెట్టాల్సిందే.

ఒకటే చిక్కు. దాని పక్కన ఎక్కువసేపు కూర్చున్నవాళ్ల మాట మర్నాటి నుంచి శుక్రుడి దాకా వెళ్లొచ్చి, కొన్ని నిమిషాలకు గానీ వినపడదు. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. జలుబు కంటే నయం.

కావ్యశ్రీ చలికి తాళలేక పొద్దుటి నుంచి దాన్ని ఆనుకునే చదువుతోంది.  రేపు కంట్రోల్ ఇంజనీరింగ్ ఓరల్ పరీక్ష, మూడోసారి. ఇదీ పోతే ఆ చదువు జర్మనీలో ఇంకెక్కడా చదవనివ్వరు. వీసా కూడా దాని వెంటే పోతుంది. రెండుసార్లు తప్పినట్టు నల్గొండలో ఇంట్లోవాళ్లకు చెప్పనే లేదు.

"లే తల్లీ అక్కడ్నుంచి! రేపు గొంతు లేకుండా వెళ్తావా?" అన్నాడు పక్కగది సుమంత్.

"నాకన్నీ వచ్చురా. కానీ సార్ నుదురు ముడిస్తే చాలు, తప్పు చెప్తున్ననేమో అనిపిస్తది. మధ్యలనే జవాబు మార్చేస్త. రెండుసార్లూ గట్లనే పోయింది."

"ఆయన మొహమే అంతే. కాఫీ తాగుతున్నా అలాగే ముడుస్తాడు."

"తెలుసు. తెలిసినా ఎదురుంగ కూసుంటే గుండె దడదడలాడుతది."

మర్నాడు పరీక్ష గదిలో ఆమె చెప్పిన నమస్కారం వినపడలేదు. 

"ఆ యంత్రం మీ హాస్టల్లోనే ఉంది కదూ?" అన్నారు ప్రొఫెసర్. ఆమె తలూపింది. సరేనని ఆయన మొదటి ప్రశ్న వేశారు: సరిదిద్దడం ఎక్కువైతే యంత్రం ఎందుకు ఊగిపోతుంది?

ఆమె చెప్పసాగింది. ఆయనకు వినపడలేదు గనక నుదురు కదల్లేదు. మొదటిసారిగా కావ్యశ్రీ జవాబు చివరిదాకా చెప్పింది.

తర్వాత నిశ్శబ్దం. ఆ మాట అసలు తిరిగొస్తుందా? దారిలో పోతే? పక్కన నోట్స్ రాసుకుంటున్న అసిస్టెంట్ పెన్నుకు మూత పెట్టబోయాడు.

"ఉండవయ్యా," అన్నారు ప్రొఫెసర్. "అప్పట్లో ఆ యంత్రాన్ని కూడా చచ్చిపోయిందనే అనుకున్నారు. తర్వాత టేపులు మళ్లీ వింటే దాని గొంతు దొరికింది."

అప్పుడు వచ్చింది ఆమె గొంతు, సన్నగా. ముందు నమస్కారం, కాసేపటికి జవాబు. రెండో వాక్యానికే ఆయన నుదురు ముడుచుకుంది. కావ్యశ్రీ జవాబు మార్చేద్దామని నోరు తెరిచింది. కానీ అవి ఎప్పుడో చెప్పేసిన మాటలు, ఇక ఆమె చేతిలో లేవు. ఎవరి మొహమూ చూడకుండా చివరిదాకా నడిచాయి.

"కరెక్ట్," అన్నారాయన, నుదురు అలాగే ముడుచుకుని. "తర్వాతి ప్రశ్న."

అన్నీ అలాగే సాగాయి. చివరికి ఆయన లేచి చెయ్యి కలిపి, పాసయ్యావన్నారు.

ఆమె చెప్పిన థాంక్స్ ఆ గదిలో ఎప్పుడు వినపడిందో తెలియదు. కన్నీళ్లు మాత్రం వెంటనే వచ్చాయి.