లలితాంబ లాటిన్ చదువు

మా అమ్మాయి లలితాంబ లాటిన్ నేర్చుకుంటానన్న నాటికి నేను కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్‌లో క్రేన్ పని నుంచి రిటైరై రెండేళ్లయింది. ఏక్‌బాల్‌పూర్‌లో మా గదికి దగ్గర్లోని చర్చిలో పాత రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఒక మనిషి కావాలట. అవన్నీ లాటిన్‌లో ఉంటాయని ఎవరో చెప్పారు. బీకాం పాసై ఖాళీగా ఉన్న పిల్ల. ఇది దొరక్కపోతే మెటియాబ్రుజ్‌లో చొక్కాలకు గుండీలు కుట్టడమే గతి.

"లాటిన్ ఎవులు మాట్లాడతారే?" అన్నాను.

"ఎవులూ మాట్లాడరు నాన్నా. సచ్చిపోయిన బాస."

"మరెవులు నేర్పుతారు?"

"నెట్టు."

చచ్చిపోయిన భాషకి ఎంత మర్యాదో! సైబర్ కేఫ్‌లో తెర మీద మాట నొక్కితే అర్థం వస్తుందట, ఎవరో ముసలాయన గొంతు పలికి చూపిస్తుందట, రోజూ పరీక్ష పెట్టి శభాష్ అంటుందట. బంద్ రోజున కేఫ్ మూసేస్తే ఏడుపు మొహం పెట్టేది. బంద్ వచ్చిందని బాధపడ్డ మనిషిని కలకత్తాలో దీన్నొక్కదాన్నే చూశాను. కూరలు తరుగుతూ పాఠం వల్లిస్తుంటే మా అమ్మ కాసులమ్మ "ఏటే అది, ఏ దేవుడి మంత్రం?" అని అడిగేది.

ఈ పిల్లకి ఆరేళ్లప్పుడు అమ్మ పలక కొనుక్కొచ్చి అ, ఆ దిద్దించబోయింది. "కలకత్తాలో తెలుగు కూడు పెడతాదేటి?" అని నేనే లాక్కుని అటక మీద పడేశాను. అప్పట్లో నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

మా వాళ్లకి స్కూల్లో సీటు కావాలన్నా, ఆసుపత్రిలో మంచం కావాలన్నా ముందు పార్టీ ఆఫీసు చీటీ పట్టుకోవడం అలవాటు. నేనూ వెళ్లాను. చర్చికి కమ్యూనిస్టుల సిఫార్సు ఏమిటన్న ఆలోచనే రాలేదు. సెక్రటరీ దాదా కలం తీశాడు.

"లాటిన్ వచ్చని రాయండి దాదా," అన్నాను. ఆ ఒక్క ముక్కతో చీటీ బోసిగా కనిపించింది. అందుకని తెలుగు చదవడం, రాయడం కూడా బాగా వచ్చని రాయించాను. అది ఎవరడుగుతారులే అనుకున్నాను. ఎర్ర ముద్ర కూడా వేయించుకున్నాను.

చర్చి ఫాదర్ బెంగాలీలో ఉన్న ఆ చీటీని చివరిదాకా చదివాడు. లలితాంబ లాటిన్ మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"లాటిన్ నాకు వచ్చమ్మా. మరిచిపోయిన మాట ఉంటే నెట్లో చూసుకుంటాను. నీలాంటి మనిషి కోసమే ఆరు నెలలుగా వెతుకుతున్నాం," అని పురుగులు తిన్న పుస్తకం ఒకటి ముందు పెట్టాడు. ఎనభై ఏళ్ల కిందట మన డాక్ కూలీల జననాలు, మరణాలు చర్చిలో బోధించే ఒక తెలుగు ఉపదేశి తెలుగులోనే రాసి పెట్టాడట. "ఇది మాత్రం ఏ నెట్టూ చదివి పెట్టడం లేదు," అన్నాడు.

లలితాంబ ఆ పేజీ చూసింది. తిప్పి ఇంకోటి చూసింది. తర్వాత బల్ల మీద కూర్చున్న నా వైపు చూసింది.

లేచి వెళ్లి నేను చదివాను. "సోంపేట గవరయ్య కూతురు జగ్గమ్మ, మూడు నెలలు, జ్వరం." ఆ వరస మీదే వేలు ఆపేశాను.

పిల్లకి తెలుగు చదవడం రాదని ఫాదర్‌కి అర్థమైంది. చీటీ మడిచి లలితాంబకి ఇచ్చాడు. "దుర్గాపూజ అయ్యేదాకా ఇంకెవరినీ తీసుకోను. నేర్చుకుని రా," అన్నాడు.

ఇంటికొచ్చాం. నేను అటకెక్కి పలక దించాను. ఒక మూల విరిగిపోయింది. కండువాతో తుడిచి పిల్ల ముందు పెడుతుంటే తల ఎత్తలేకపోయాను. లలితాంబ పార్టీ చీటీ తీసి పలక పక్కన పరిచింది.

"తెలుగు బాగా వచ్చని నువ్వే రాయించినావు కదా నాన్నా," అంది. "ఇప్పుడు దాన్ని నిజం సెయ్యి."