తుడిచేలోపు మోగిన గంట

సరే, తుడిచేలోపే గంట ఇంకోసారి మోగితే ఏమవుతుంది, ఈ ఒక్క వాక్యం పూర్తి చేస్తే పేరా అయిపోతుంది, పేరా అయిపోతే పత్రం అయిపోతుంది, పత్రం అయిపోతే సోమవారం నుంచి సైలా కింది అంతస్తులో కూర్చుని గ్రాఫిక్స్ కార్డు పెట్టె ఎలా తెరవాలో, ఏ గాడిలో గుచ్చాలో వాడకం పుస్తకాలు రాసుకుంటుంది, పదమూడేళ్ళు గ్రాఫిక్స్ చిప్పును నడిపే ప్రోగ్రాము, అదే డ్రైవరు, రాసిన మనిషి, కాబట్టి తొందరేమీ లేదు, కిటికీ అవతల ఎస్పో ఊరి మీద మంచూ కాని వానా కాని తడి పడుతోంది, ఈ ఉత్తరపు కొసన నవంబరు కదా, పొద్దున పది కావస్తున్నా వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఇది మూడో కాఫీ, రాయి సైలా, రాయి, చిప్పు ఒక బొమ్మను తెర మీదకు పంపగానే గంట కొడుతుంది, దాన్నే అంతరాయం అంటారు, ప్రాసెసరు చేతిలో పని పక్కన పడేసి వస్తుంది, చిప్పు పలక మీద ఏం రాసిందో చదువుతుంది, చెప్పిన పని చేస్తుంది, పలక తుడిచి వెళ్ళిపోతుంది, ఇంతవరకు హాయిగానే ఉంది, కానీ చదవడానికీ తుడవడానికీ మధ్య గంట మళ్ళీ మోగితే, ఆ కొత్త రాత, ఆ రాత ఏమవుతుంది, ఏమిటి సైలా, చిప్పుకి వీలునామా రాస్తున్నావా, పొద్దున్నించి ఒక్క పేరా దాటలేదు, అని ఎదుటి బల్ల నుంచి ఇలారి అన్నాడు, నీ పేరు మీద ఏమీ రాయలేదులే, నిశ్చింతగా ఉండు అంది సైలా తలెత్తకుండానే.

ఈ రెండింటి క్రమం ముఖ్యం కాదు, అని కోడు పక్కనే ఓయివా తొమ్మిదేళ్ళ కిందట ఒక వరుస రాసిపెట్టాడు, పలక ముందు తుడిచి పని చేసినా పని చేసి తుడిచినా ఒకటేనని, ఓయివా మాటంటే ఈ జట్టులో శాసనం, ఈ డ్రైవరుకి పురుడు పోసినవాడు, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ, కాబట్టి ఆ వరుసనే పత్రంలోకి దించేసి చేతులు దులుపుకోవచ్చు, ఎవరూ అడగరు, కానీ ఎందుకు ముఖ్యం కాదో చెప్పాలి కదా, చెప్పలేకపోతే పత్రమెందుకు, ఆ రోజు కూడా ఇంతే, చెప్పలేకపోయింది, రెండేళ్ళ కిందటి ఆ మీటింగులో, ఆమె చేసిన మార్పుతో బొమ్మలు రెట్టింపు వేగంతో వచ్చాయి, కేకు కూడా కోశారు, మూడు వారాలకి తెరలు కదలకుండా గడ్డకట్టడం ఎక్కువైంది, నీ మార్పుకి ముందు నెలకోసారి, తర్వాత రోజుకోసారి, ఇంకేం రుజువు కావాలి చెప్పు అన్నాడు ఇలారి, ఓయివా తల ఊపాడు, అంతే, ఆమె మార్పును పీకేశారు, తప్పు తనది కాదని లోపల కొట్టుకుంటూనే ఉంది, ఎలాగో చెప్పే మాట మాత్రం నోటికి రాలేదు, ఆ తర్వాత ఎవరూ కోపంగా మాట్లాడలేదు, నీకు రాయడం బాగా వచ్చు కదా, పత్రాలు రాయి అన్నారు, అది కోపం కన్నా బాగా గుచ్చుకుంది.

చిప్పు వివరాల పుస్తకం తెరిచింది, ముందు పాతది, ఓయివా ఆ వరుస రాసిన నాటి చిప్పుది, రెండోసారి గంట మోగితే ఈ చిప్పు ఆ రాతను వెనక దాచి ఉంచుతుంది, పలక తుడవగానే ముందుకు తెస్తుంది, ఓహో, అయితే ముసలాయన నిజమే రాశాడు, ఆ రోజుకి నిజమే, ఇప్పుడు కొత్త చిప్పు పుస్తకం, వెయ్యి పేజీలు దాటాక ఒక పట్టిక కింద చిన్న అక్షరాల్లో, రెండో రాతను దాచే ఏర్పాటు తీసివేయబడింది, తీసివేయబడింది, సైలా కప్పు కింద పెట్టింది, కాఫీ కాస్త బల్ల మీద ఒలికింది, ఒలకనీ, అంటే ఆ రెండో రాతను ఎవరూ చదవకుండానే తుడిచేస్తున్నాం, తెర తుడిచిపెట్టుకుపోయిన కబురు కోసం ఎదురుచూస్తూ అలాగే నిలబడిపోతోంది, తన మార్పు బొమ్మల వేగం పెంచింది, వేగం పెరిగితే గంటలు దగ్గర దగ్గరగా మోగుతాయి, దగ్గరగా మోగితే ఆ సందులో పడేవి పెరుగుతాయి, నెలకోసారి పడేది రోజుకోసారి పడింది, గొయ్యి అక్కడ ముందునుంచే ఉంది, తను జనాన్ని అటు ఎక్కువగా నడిపించింది, అంతే.

రుజువు కావాలి, ఈసారి నోరు పెగలకపోతే కుదరదు, చదవడానికీ తుడవడానికీ మధ్య, పని చేసేచోట, కావాలనే చిన్న జాగు పెట్టింది, పరీక్ష యంత్రంలో బొమ్మ దుప్పి ఒకటి మంచులో పరుగెత్తుతోంది, నలభై సెకన్లు, దుప్పి గాల్లో కాలెత్తి ఆగిపోయింది, ఎంత అందంగా ఆగిపోయింది, ఇప్పుడు రెండు వరుసలు తారుమారు, చదివిన వెంటనే చదివినంతవరకే తుడువు, ఆ తర్వాత పని చెయ్యి, జాగు అలాగే ఉంచింది, దుప్పి పరుగెత్తింది, గురువారం కాబట్టి ఇక్కడి ఆచారం ప్రకారం కింద క్యాంటీనులో బఠాణీ సూపు, దాంతోపాటు పాన్‌కేకు, సైలా రెండు గిన్నెలు తాగి వచ్చింది, దుప్పి ఇంకా పరుగెత్తుతోంది, మూడున్నరకి బయట చీకటి పడుతుంటే కూడా పరుగెత్తుతోంది, పరుగెత్తవే తల్లీ పరుగెత్తు.

దిద్దుబాటు పంపేముందు కింద ఒక వరుస రాయాలి, ఈ పొరపాటు ఎవరి మార్పుతో మొదలైందో, అది ఆచారం, ఎవరికీ మినహాయింపు లేదు, ఆ మార్పు పక్కన పేరు ఓయివా కెత్తునెన్, వచ్చే వసంతంలో రిటైరయ్యే మనిషి, వదిలేస్తే ఏం పోతుంది, వేలు ఆ వరుస మీద ఆగింది, వద్దు, తన పేరు రాసేటప్పుడు ఎవరి వేలూ ఆగలేదు, రాసింది, పంపింది, అందరి తెరల మీదా ఒకేసారి కనబడి ఉంటుంది, ఇలారి టైపు చేయడం ఆపేశాడు, అయితే ఆ రోజు మీటింగులో నేను మోగించింది కూడా తప్పు గంటేనన్నమాట, సూపు నా లెక్కలో వేసుకో సైలా అన్నాడు, ఎర్రబడ్డ చెవులతో, వేసుకుంటాలే, రెండేళ్ళ సూపు అంది సైలా.

ఓయివా తన కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చాడు, చక్రాలు కీచుమన్నాయి, పక్కన కూర్చుని దుప్పిని చాలాసేపు చూశాడు, ఈ తప్పు నాదే, కొత్త చిప్పు వచ్చాక ఆ వరుస మళ్ళీ చూసుకోలేదు అన్నాడు, నువ్వెలా పట్టుకున్నావు అన్నాడు, కోడు చదివినన్నాళ్ళూ దొరకలేదు, వివరంగా రాయబోతే వాక్యం నిలబడలేదు అంది, ఊఁ అన్నాడు, నీ పాత మార్పు మళ్ళీ పంపు, కింద నేను సంతకం పెడతాను అన్నాడు, సోమవారం నేను కిందికి వెళ్ళడం లేదు అని సైలా అంది, అడిగినట్టు కాకుండా చెప్పినట్టు అంది, వెళితే దీన్నెవరు చూస్తారు అన్నాడు ఓయివా, లేస్తాడనుకుంది, లేవలేదు, గడ్డం గీరుకున్నాడు, సైలా, రెండు తెరలు కలిపి వాడేటప్పుడు రెండు గంటలూ ఒక్కసారే మోగితే మరి, అన్నాడు, పరీక్ష పెడుతున్నాడా అని మొహంలోకి చూసింది, పెట్టడం లేదు, నిజంగానే తెలియక అడుగుతున్నాడు, ఈ గదిలో ఇన్నేళ్ళలో కోడు గురించి ఎవరినీ ఏదీ అడగని మనిషి, సైలా కాగితం లాక్కుని రెండు పలకలు గీసి చెప్పడం మొదలుపెట్టింది, మాట ఎక్కడా తడబడటం లేదు, సగం చెప్పాక తెలిసింది ఆమెకు, ఈ కోడు గురించి ఇకమీదట ఎవరికి సందేహం వచ్చినా వచ్చి అడగాల్సిన మనిషి తనే.