నట్టు మరిచిన గొట్టం

దగ్గరికి రావే తల్లీ. ఆ దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో, ఈ గదిలో చలి తొందరగా పట్టేస్తుంది. నీ నెత్తిన గురగురమంటున్న ఆ పాత ఏసీని చూశావా? దాన్ని బిగించినవాడు నా తమ్ముడు, నీకు చిన్న తాత. బిగించిన రోజు సంగతి చెబుతాను, విను.

ఆ పొద్దున్న వాడు ఒక బట్టల కొట్టులో నిచ్చెన మీద ఉన్నాడు. ఒక చేతిలో సబ్బునురగ కప్పు, ఇంకో చేతిలో గడ్డం గీసుకునే పాత కుంచె. ఏసీ రాగి గొట్టాలు కలిసేచోట నురగ పూసి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. సందు ఉంటే బుడగ లేస్తుంది. లేకపోతే లేవదు. లేవదని తెలిసినా చూస్తూనే ఉంటాడు. అందుకే వాడి పేరు ఎవరికీ గుర్తులేదు, "బుడగలాయన" అంటేనే తెలిసేది.

"ఏమయ్యా, మిషనుకు గడ్డం గీస్తున్నావా?" అన్నాడు కొట్టు యజమాని కింద నుంచి.

"గీసుకోనివ్వండి. నున్నగా ఉంటే మీకే మంచిది."

వాడు నవ్వించేవాడే గాని, నవ్వేవాడు కాదు. సన్నటి మనిషి. పనిముట్ల సంచి మోసి మోసి కుడి భుజం కిందికి జారిపోయింది. వేళ్ళ సందుల్లో రాగి చిలుము పచ్చగా ఇంకిపోయింది, ఎంత తోమినా పోయేది కాదు. ఎన్ని ఇళ్ళను చల్లబరిచాడో లెక్కలేదు. వాడి ఇంట్లో మాత్రం విసనకర్రే.

పని అయ్యాక యజమాని గోడ నుంచి దించిన పాత ఏసీని చూపించాడు. "దీన్ని నువ్వే పట్టుకుపో. మీ ఆవిడకి బాగాలేదన్నావుగా."

ఆ ఆవిడే నా మరదలు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. వేడి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. చెప్పడం తేలిక. మా గది పైకప్పు పొద్దున్న పది దాటేసరికి పెనంలా కాలేది. అది పడుకోలేక, కూర్చోలేక, ఒళ్ళో దిండు పెట్టుకుని ముందుకు వంగి ఉండేది. నేను పక్కన కూర్చుని విసిరేదాన్ని. "ఒక్క మధ్యాహ్నం కంటినిండా నిద్రపోవాలి వదినా," అనేది. దానికి ఇంకే కోరికా లేదు.

తమ్ముడు ఆ ఏసీని రిక్షాలో వేసుకుని వచ్చాడు. అన్నం కూడా తినలేదు. లోపలి పెట్టెను కిటికీ పైన బిగించాడు. బయటి పెట్టెను కిటికీ కింద పెరట్లో దించాడు. కొత్త గొట్టాలు కోశాడు. రాగి పొడి లోపల పడకుండా గొట్టం మూతిని నేలవైపు వంచి అంచులు గీకాడు. మూతిని పువ్వులా విప్పి, చుక్క నూనె రాసి, నట్టును ముందు వేళ్ళతోనే తిప్పి, తర్వాత రెండు పానాలు పట్టాడు. ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. ఆ తర్వాత కారుతుందేమో చూడ్డానికి గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, కుంచె తీశాడు.

పెద్ద గొట్టం దగ్గర ఆవగింజంత బుడగ లేచింది.

"ఆవగింజకేం గానీ, పెట్టేయరా!" అన్నాను కిటికీలోంచి. "లోపల నీ పెళ్ళాం ఉడికిపోతోంది."

"అక్కా, ఈ పెట్టెలో ఉన్న గ్యాసే మనకున్నది. అది కారిపోయిందంటే, రెండ్రోజులు చల్లగా పడుకోబెట్టి మళ్ళీ పెనం మీద వెయ్యాలి దాన్ని. నా వల్ల కాదు."

"ఉండనీ వదినా," అంది మరదలు, మాటకూ మాటకూ మధ్య గాలి వెతుక్కుంటూ. "తొందరపెడితే ఆయన చేతులు ఆయనవి కావు."

వాడు గొట్టం విప్పాడు. పాడైన మూతి కోసేశాడు. మళ్ళీ పువ్వులా విప్పాడు. విప్పి, అలాగే నిలబడిపోయాడు.

నట్టును ముందే గొట్టానికి తొడగాలి. మూతి విచ్చుకున్నాక ఇక ఎక్కదు. పని నేర్చుకునే రోజుల్లో అందరూ చేసే తప్పే అది. వాడు మాత్రం అప్పుడు కూడా చేసి ఎరగడు. ఆ వేళ చేశాడు. లోపల మరదలు దగ్గుతుంటే, వాడి చేతులు గొట్టం మీద ఉన్నాయి గాని చెవులు కిటికీలో ఉన్నాయి.

"ఏమయ్యో, చప్పుడు ఆగింది?" అంది మరదలు.

"నట్టు మర్చిపోయా."

అది నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆగాక, "అమ్మయ్య, నువ్వూ మనిషివే," అంది. "మళ్ళీ కోస్తావుగా. ఆ ముక్క నాకివ్వు, చూస్తాను."

కిటికీ ఊచల్లోంచి ఇచ్చాడు. గొట్టం నుంచి కోసిన చిన్న రాగి ముక్క, ఒక అంచు పువ్వులా విచ్చుకుని ఉంది. మరదలు దాన్ని చిటికెన వేలికి తొడుక్కుని, వేలు నాకు చూపించింది.

"చూశావా వదినా, ఇన్నేళ్ళకి మీ తమ్ముడు ఉంగరం చేయించాడు."

"అదేం ఉంగరమే, నల్లాకి పెట్టేదానిలా ఉంది," అన్నాను. ముగ్గురం నవ్వాం. బయట వాడు కూడా నవ్వాడు, నేను విన్నాను.

ఈసారి నట్టు ముందే తొడిగాడు. బిగించాడు. నైట్రోజన్ ఎక్కించి, నురగ పూసి, మీటరు ముల్లుకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ముల్లు కదలకూడదు, కదిలితే ఎక్కడో కారుతున్నట్టే. ఎండ వీపు మీద పడుతున్నా పక్కకు జరగలేదు.

లోపల మరదలు మెల్లగా వెనక్కి వాలింది. ఎన్ని రోజుల తర్వాతో తల దిండుకు ఆనింది. దగ్గు లేదు. కళ్ళు మూసుకుంది. నిద్రపట్టిందని మురిసిపోయాను. లేపుతానేమోనని విసనకర్ర పక్కన పెట్టి, చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళాను.

తమ్ముడు పంపు పెట్టి గొట్టాల్లోని గాలి లాగేశాడు. గ్యాసు వదిలాడు. చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, కిటికీ మూసి, మీట నొక్కాడు. పెట్టె గురగురమంది. గాలి బయటికొచ్చేచోట అరచెయ్యి పెట్టి, చల్లబడేదాకా నిలబడ్డాడు.

"ఒక్క బుడగ లేదే," అన్నాడు మరదలితో. "ఇక ఎన్నేళ్ళయినా కారదు. పడుకో."

చల్లదనం తగులుతోందో లేదోనని నుదుటి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆ నుదుటి చల్లదనం మిషనుది కాదని వాడికి నాకంటే ముందు తెలిసింది.

 కాళ్ళ దగ్గరున్న దుప్పటి తీసి, దాని మెడదాకా కప్పాడు.

"మిషను కట్టేయనా తమ్ముడూ?" అన్నాను.

"వద్దక్కా. ఇప్పుడేగా పడుకుంది."

ఆ తర్వాత కూడా వాడు చాలా ఇళ్ళకు వెళ్ళాడు, చాలా నిచ్చెనలు ఎక్కాడు. ఈ గదిలో మాత్రం మళ్ళీ పడుకోలేదు, వరండాలోనే చాప వేసుకున్నాడు. పోయేదాకా అంతే. వాడు చెప్పినట్టే ఈ మిషను ఇన్నేళ్ళలో చుక్క కారలేదు. నీకు చలి వేస్తున్నది దానివల్లే.

చెయ్యి చాపు. ఇదే ఆ రాగి ఉంగరం, మరదలి వేలి నుంచి తీసి ఆ రోజు నా గుప్పిట్లో పెట్టాడు, "నువ్వుంచు, నేను చూడలేను" అని. ఇక నువ్వుంచు. రేపు నీ పిల్లలు ఇదేమిటని అడిగితే, తుప్పు ముక్క అనకు. ఎవరు కోశారో, ఎందుకు కోశారో, ఎవరి వేలికి ఉందో, ఇప్పుడు నేను చెప్పినట్టే కూర్చోబెట్టి చెప్పు.

చూడు, పైనంతా నల్లబడిపోయింది. విచ్చుకున్న ఆ లోపలి అంచు మాత్రం, వాడు విప్పిన నాటిలాగే ఎర్రగా మెరుస్తోంది.