రూటర్‌లో పెట్టిన కాపలా

రఘురామ్ పనిమంతుడే. తెనాలిలో గైడ్లు అచ్చేసేవాళ్ళకి ఇంట్లోనే కూర్చుని పేజీలు కొట్టి ఇస్తాడు, వెతికినా తప్పు దొరకదు. అదే కంప్యూటర్‌లో పేకాట కూడా ఆడతాడు, అక్కడ మాత్రం అన్నీ తప్పులే. భార్య రమణి చేతి గాజులు ఆ దారినే పోయాయి. అవి పోయిన రోజున తన టచ్ ఫోను తనే ఆమె చేతికిచ్చేసి, బటన్ ఫోను తెచ్చుకుని, కూతురు హర్షిణి తలమీద చెయ్యిపెట్టి ఇంక ఆడనని ఒట్టు వేశాడు. ఒట్టు తీసి గట్టుమీద పెట్టడం పేకాటరాయుళ్ళకి కొత్తా? రమణికి తెలుసు. తెలిసీ నమ్మింది, నమ్మకపోతే ఎలా బతకాలి మరి.

నమ్ముతూనే బాపట్లలో ఉన్న తమ్ముడు కృష్ణతేజకి ఫోను చేసింది. మనం సైటు పేరు కొడితే దాని చిరునామా వెతికిపెట్టేదాన్ని డీఎన్ఎస్ అంటారనీ, నెట్టు ఇచ్చిన కంపెనీ తనది పెడుతుందనీ, దాన్ని తీసి ఉచితంగా దొరికేది ఒకటి పెట్టుకుంటే అది పేకాట సైట్ల చిరునామా చెప్పదనీ అతను వివరించాడు. కంప్యూటర్‌లో మారిస్తే బావ కనిపెట్టేస్తాడు, గోడకున్న రూటర్‌లోనే మార్చమన్నాడు. రఘురామ్ ప్రెస్సుకి వెళ్ళిన సమయం చూసి, తమ్ముడు చెబుతుంటే రమణి ఒక్కో అంకె కొట్టింది. తాగుబోతు మొగుడికి తెలియకుండా అన్నంలో మందు కలుపుతున్నట్టు మాటిమాటికీ గుమ్మం వైపు చూసుకుంది.

వారం తిరక్కుండానే నెట్టు స్లోగా ఉందని రఘురామ్ సణగడం మొదలుపెట్టాడు. హర్షిణి పాఠాలు వస్తున్నాయి, ప్రెస్సుకి ఫైళ్ళు పోతున్నాయి. మరి రానిదేమిటో అడగనక్కర్లేదు. కాపలా బాగానే పనిచేస్తోంది. అంటే ఒట్టు అప్పుడే గాలికి పోయింది. ఆ పూట రమణి వంటగదిలో కుక్కరు కూతల మధ్య ఏడ్చింది.

రఘురామ్ కేబుల్ వీరాస్వామిని పిలిచాడు. వీరాస్వామి మంచివాడే, పిలిస్తే పలుకుతాడు. కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఒక ఇంటి సంగతి పక్కింటి కనెక్షన్ సరిచేస్తూ చెప్పేస్తాడు. ల్యాప్‌టాప్ తీసి రూటర్ సంగతి చూశాడు.

"ఎవరో డీఎన్ఎస్ మార్చేశారండి సార్. మళ్ళీ మన కంపెనీదే పెట్టి పాస్‌వర్డ్ కూడా మార్చాను. ఇంకెవరూ ముట్టుకోలేరు."

ఎవరక్కా మార్చిందని వీరాస్వామి అడిగితే రమణి తనకేం తెలియదంది. ఇంటి గుట్టు గడప దాటించడం ఆమెకి చేతకాలేదు. రఘురామ్ మాత్రం ఆమె ముఖం చూసి అంతా అర్థం చేసుకున్నాడు.

వీరాస్వామి వెళ్ళాక రఘురామ్ వచ్చి రమణి పక్కన కూర్చున్నాడు.

"మళ్ళీ పెట్టు రమణీ. నా వల్ల కావట్లేదు" అన్నాడు రఘురామ్.

రమణికి ప్రాణం లేచొచ్చింది. తమ్ముడికి ఫోను చేసింది. పాత పాస్‌వర్డ్‌ని రూటర్ ఒప్పుకోలేదు. వెనక చిన్న కన్నంలో పిన్ను గుచ్చి రీసెట్ చేస్తే నెట్టే పోతుంది, బాగుచెయ్యడానికి మళ్ళీ వీరాస్వామే రావాలి. పోనీ కంప్యూటర్‌లో మార్చుకుందామండీ అంది.

"కంప్యూటర్‌లోదైతే నేను పెట్టింది నేనే తీసేస్తాను" అన్నాడతను తల వంచుకుని.

చివరికి తనే వీరాస్వామికి ఫోను చేసి, ఇందాక తీసేసిందే మళ్ళీ పెట్టమన్నాడు.

"కంపెనీ ఒప్పుకోదండి సార్, పాస్‌వర్డ్ కూడా బయటికి ఇవ్వనివ్వదు. ఏదైనా సైటు ఆపాలంటే పేరు చెప్పండి, అదొక్కటీ ఆపించేస్తాను" అన్నాడు వీరాస్వామి.

పేరు చెబితే సాయంత్రానికి ప్రెస్సులన్నిటికీ తెలుస్తుంది, ఆనక రేపల్లెలో రమణి పుట్టింటికీ చేరుతుంది. చెప్పకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. రఘురామ్ నోరు తెరిచాడు. రమణి చప్పున అతని చెయ్యి పట్టుకుంది. చెప్పమని పట్టుకుందో, వద్దని పట్టుకుందో ఆమెకే తెలియలేదు.

"ఏం లేదులే వీరాస్వామీ, ఉండనీ" అన్నాడతను.