తుంగగుంటలో రెండు గూళ్ళు

మా పెళ్ళయి నెల కాకుండానే నా మొగుడు ఎల్వియో తుంగతెప్ప నీరు పీల్చి బరువెక్కింది. పెరూ తీరంలోని మా వంచాకోలో జాలరికి తెప్ప లేకపోతే సముద్రం లేనట్టే. అందుకే ఆ ఉదయం అతనూ, నేనూ, అత్తయ్యా మా తుంగగుంటలోకి దిగాం. అతని చెవుల మీద కూడా బురదే. అది చూసి నాకు నవ్వాగలేదు.

తెప్పకు రెండు పెద్ద తల్లికట్టలు, వాటికి జతగా రెండు చిన్న పిల్లకట్టలు కావాలి. తల్లికట్టలకు సరిపడా కోసి ఒడ్డున పరిచాక, మిగిలిన తుంగలో నాకు రెండు గూళ్ళు కనిపించాయి.

ఒకటి మట్టిరంగు తుంగపిట్టది: గుప్పెడు కాడలను కలిపి అల్లిన బంతి, పక్కన ద్వారం, దానిపైన బుల్లి చూరు. రెండోది ఏడురంగుల పిట్టది: ఒకే కాడకు అతుక్కున్న గరాటు, అట్టలా నున్నగా. రెండింట్లోనూ గుడ్లు. కాలేజీలో బొమ్మల్లో చూసినవి చేతికందే దూరంలో ఉంటే చప్పట్లు కొట్టాలనిపించింది. చేతిలో కొడవలి ఉండి ఊరుకున్నాను.

"ఆ ఏడురంగులదానికి ఒక్క కాడ వదిలేయండి," అంది అత్తయ్య. "చూడ్డానికి బావుంటుంది. మట్టిదాన్ని ఎవరడిగారు?"

"నేనడుగుతున్నా అత్తయ్యా. మట్టిదానికి గుప్పెడు కాడలు చాలు, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఈ అందగత్తెకే చుట్టూ జనం కావాలి."

ఎల్వియో ఆ గరాటు గూటి పక్క కాడల్ని రెండు చేతులతో దూరంగా వంచి పట్టుకున్నాడు. సముద్రపు గాలికి ఒంటికాడ తలవాల్చింది. గుడ్లు గూటి అంచుకి దొర్లాయి. గబుక్కున వదిలేశాడు.

"నిజమేనే అమ్మా."

"మరి పిల్లకట్టలు దేంతో కడతావురా?"

"సన్నగా కడదాం," అన్నాను.

"సన్నగా కడితే నీ మొగుడి బరువుకి మునుగుతుంది. పెళ్ళయ్యాక ఎంత ఊరాడో చూశావా?"

"వండేది మీరే కదా."

ఎల్వియో తల తిప్పుకుని నవ్వాడు. నేను కొడవలి ఒడ్డుకి విసిరేసి, గూళ్ళ ముందు బురదలోనే నిలబడ్డాను. "పిల్లలు ఎగిరేదాకా ఇక్కడ కోత లేదు."

అత్తయ్య అంచున ఉన్న కొద్దిపాటి తుంగ మాత్రం కోసుకుని గట్టెక్కింది.

తుంగ ఎండేసరికి రెండు గూళ్ళలోనూ పిల్లల నోళ్ళు తెరుచుకున్నాయి. సన్నటి తెప్ప మీద ఎల్వియో అలల్లోకి వెళ్ళాడు. నడుందాకా నీళ్ళు. అయినా మునగలేదు. వణుకుతూ, కాసిని చేపలతో తిరిగొచ్చాడు.

"తేలింది. నేనే తడిశాను," అన్నాడు.

అత్తయ్య తువ్వాలు అతని మొహాన విసిరింది. "ఆ పిల్లలు ఎగిరేదాకా తడుస్తూనే ఉండు."