వాగు తగ్గేదాకా

జనవరిలో గేల్ పోయాక వర్లీన్ ఒక్కసారి కూడా ఏడవలేదు. గడ్డకట్టిన నేల తవ్వి మొగుణ్ణి పూడ్చిన రోజున, వచ్చినవాళ్లందరికీ తనే కాఫీ పోసింది. మర్నాడు ఎప్పట్లాగే స్కూలు బస్సు తోలింది. కాన్సాస్‌లో ఆ చిన్న ఊరి పిల్లల్ని బడికి చేర్చడమే ఆవిడ ఉద్యోగం. గుండె రాయి చేసుకుందన్నారు జనం. రాయయితే ఎండకి కాలనైనా కాలుతుంది, తనకి అదీ లేదనుకుంది వర్లీన్.

యూటా రాష్ట్రంలోని ఎర్ర లోయల్లో తిరగాలని గేల్ మోటార్‌హోమ్ కొన్నాడు. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ బండిలోనే. ఒక్క ప్రయాణమైనా చెయ్యకుండానే వెళ్లిపోయాడు. ఆగస్టులో చెల్లెలు ట్వైలా వచ్చి, "బండి బయట తుప్పు పడుతోంది, నువ్వు లోపల తుప్పు పడుతున్నావు. లే, పోదాం" అంది. వర్లీన్ కాదనలేదు. కాదనాలన్నా ఏదో ఒకటి అనిపించాలి కదా.

లోయల మధ్య దారి పొడవునా ట్వైలా నోరు మూతపడలేదు.

"అక్కా, ఆ కొండ చూడవే! నిప్పంటుకున్నట్టు లేదూ?"

"ఊఁ."

"దేవుడు ఎదురొచ్చినా ఊఁ అనేట్టున్నావే నువ్వు!"

"దారి చూసుకోవాలి కదా."

ఆ మధ్యాహ్నం రోడ్డు ఒక ఎండిన వాగులోకి దిగేచోట వర్లీన్ ఉన్నట్టుండి బ్రేకు వేసింది. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది. ఎక్కడో దూరాన గుట్టల మీద మాత్రం నల్లటి మబ్బు. ఏదో రొద. చూస్తుండగానే వాగు మలుపులోంచి ఎర్రటి నీళ్లు పుల్లల్నీ కొమ్మల్నీ దొర్లించుకుంటూ వచ్చి రోడ్డును కప్పేశాయి.

వెనకనుంచి ఒక చిన్న కారు హారన్ కొడుతూ పక్కకి వచ్చింది, దాటిపోదామని. వెనక సీట్లో చిన్నపిల్ల కనిపించింది వర్లీన్‌కి. ఆలోచించలేదు. స్టీరింగ్ తిప్పి అంత పెద్ద బండినీ రోడ్డుకు అడ్డంగా పెట్టేసింది. కిందికి దూకింది.

"ఇంజిన్ ఆపు!"

"ఏంటండీ మీ గోల? మోకాలు లోతు కూడా లేదు" అన్నాడు కారు తోలుతున్న కుర్రాడు.

"నీకు బుద్ధుందా? వెనకాల పసిపిల్లని పెట్టుకుని! ఆపమన్నానా!"

ఆ కేక కొండ గోడకు తగిలి తిరిగొచ్చింది. కుర్రాడు ఇంకేదో అనబోతుండగా వేళ్లతో సహా ఒక నిలువెత్తు చెట్టు నీళ్లలో గిరగిరా తిరుగుతూ రోడ్డు మీదుగా కొట్టుకుపోయింది. పక్క సీట్లోని అతని భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుర్రాడు ఇంజిన్ ఆపేశాడు.

వాగు తగ్గేదాకా చేసేదేముంది? ముగ్గుర్నీ బండిలోకి రమ్మంది ట్వైలా. టమాటా సూప్ వేడి చేసి, రొట్టె మధ్య చీజ్ పెట్టి కాల్చింది. కుర్రాడు తల దించుకుని తిన్నాడు. పిల్ల కాసేపు అటూ ఇటూ తిరిగి, బూట్లతోనే మంచమెక్కి నిద్రపోయింది. అది గేల్ పడుకోవాల్సిన చోటని ఈ ప్రయాణమంతా వర్లీన్ ముట్టుకోని పక్క. దుప్పటి నిండా ఎర్ర మట్టి.

"అయ్యో, లేపేస్తానండీ" అంది తల్లి.

"పడుకోనియ్యమ్మా" అంది వర్లీన్. పిల్ల బూట్లు విప్పి కింద పెట్టింది. బాధ వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడింది. రాలేదు. పిల్ల పాదాలు మాత్రం వెచ్చగా తగిలాయి.

పొద్దు వాలేవేళకి నీళ్లు దిగిపోయాయి. రోడ్డు పనివాళ్లు వచ్చి బురద నెట్టేశారు. కుర్రాడు వెళ్తూ వర్లీన్ చెయ్యి పట్టుకుని ఒక్కసారి నొక్కి వదిలేశాడు. కారు అవతలి గట్టెక్కి కనుమరుగైంది.

"ఎన్నాళ్లయిందే నీ గొంతు విని!" అంది ట్వైలా.

"అరిచానుగా, మండుతోంది."

వర్లీన్ స్టీరింగ్ ముందు కూర్చుంది కానీ బండి తియ్యలేదు. బురద మీద కారు చక్రాల గుర్తులు చూస్తోంది.

"గేల్ అయితే దాటించేసేవాడే" అంది. "ఎవరు చెప్పినా వినేవాడు కాదు. మొండి మనిషి."

ఇన్ని నెలల్లో అక్క నోట ఆ పేరు రావడం ఇదే మొదలు. ట్వైలా తల తిప్పి చూసింది. అక్క కళ్లలో నీళ్లేం లేవు.

"మంచినీళ్లియ్యి" అంది వర్లీన్. సీసాడు నీళ్లూ గటగటా తాగేసి బండి స్టార్ట్ చేసింది.