కనబడకూడని వారం

పిల్లవాణ్ణి పసివాళ్ళ ఉయ్యాల గదిలోంచి కాస్త పెద్దవాళ్ళ పరుగుల గదికి మార్చిన వారం, అంతవరకూ వాణ్ణి చూసుకున్న ఆయా వాడి కంట పడకూడదు. ఆ క్రెష్‌లో అదొక కట్టుబాటు. కంటబడిందా, వాడు పరుగెత్తుకొచ్చి కాళ్ళకి చుట్టుకుపోతాడు. కొత్త ఆయా ఎంత బుజ్జగించినా ససేమిరా అంటాడు. అందుకని ఆ వారమంతా పాత ఆయా పెరటి గుమ్మంలోంచి రావాలి. వరండా దాటాలంటే ముందు తొంగి చూసుకోవాలి. పిల్లలు తినే వేళ వంటగది ఛాయలకి పోకూడదు, గొంతెత్తి మాట్లాడకూడదు. దొంగతనానికి వచ్చినవాళ్ళు కూడా ఇన్ని జాగ్రత్తలు తీసుకోరు.

ఈ కట్టుబాటు పెట్టింది ఉయ్యాల గది చూసుకునే పెద్దక్కే. పిల్లల్ని మార్చినప్పుడల్లా బాత్రూములో దూరి ఏడ్చే కుర్ర ఆయాలని కూర్చోబెట్టి, "మనల్ని మర్చిపోయేలా పెంచడమే మన పని. వాడు మనల్ని మర్చిపోలేదంటే మనం పని సరిగ్గా చెయ్యలేదన్నమాట" అని క్లాసు పీకేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. తనూ ఎంతోమందిని అలాగే పంపింది, కళ్ళు తుడుచుకుని మర్నాటికల్లా మామూలు మనిషైపోయింది. కానీ ఈసారి వెళ్ళినవాడు వాచ్‌మన్.

వాడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఆ పేరు పెట్టింది వంటావిడ. వాడి తల్లి బట్టల దుకాణంలో పనిచేస్తుంది, సాయంత్రం అందరికంటే ఆఖరున వస్తుంది. మిగతా పిల్లలంతా వెళ్ళిపోయాక మిగిలేది వాడూ పెద్దక్కా. ఆవిడ తాళాలు వేసుకుంటూ గది గదికీ తిరుగుతుంటే, వాడు ఆవిడ ఏప్రన్ అంచు పట్టుకుని వెంటే తిరిగేవాడు. సామాన్ల గది, మందుల బీరువా, వంటగది. తాళం పడగానే తలుపుని రెండు చేతులతో ఒకసారి తోసి చూసేవాడు. పడలేదేమోనని వాడి అనుమానం. ఇంకా ఎవరైనా తల్లో తండ్రో కబుర్లు చెబుతూ గుమ్మంలో నిలబడితే, వాళ్ళ ముందుకెళ్ళి "టాటా" అనేవాడు. వెళ్ళిపోయేదాకా అంటూనే ఉండేవాడు. క్రెష్ నడిపే మేడంకి కూడా మినహాయింపు లేదు, ఆవిడ నవ్వుతూ చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయేది. అందరినీ బయటికి పంపించి తలుపు మూయించడం తన ఉద్యోగమని వాడి నమ్మకం.

ఒక్క పెద్దక్కకి మాత్రం టాటా చెప్పేవాడు కాదు. తల్లి వచ్చి ఎత్తుకుని, "అక్కకి టాటా చెప్పు నాన్నా" అంటే మొహం తిప్పేసుకునేవాడు. "వీడికి నువ్వంటే ఎంత కోపమో అక్కా" అని తల్లి నొచ్చుకునేది. కోపం కాదని పెద్దక్కకి తెలుసు. టాటా అంటే బయటికి వెళ్ళే వాళ్ళకి. తను లోపలి మనిషి. లోకంలో తనని లోపలి మనిషి అనుకుంటున్నవాడు వీడొక్కడేనని ఆవిడ మనసులో మురిసిపోయేది.

మురిసిపోవడానికి ఆవిడకి వేరే ఏముంది గనక. మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లలు కలగలేదు. మేడమీద ఒక్క గది, అందులో ఒక్క మంచం, ఒక్క కంచం. పొద్దున్నే క్రెష్ తెరవడానికీ సాయంత్రం మూయడానికీ మనిషి కావాలంటే, "నేనుంటాలే మేడం, తొందరగా ఇంటికెళ్ళి ఎవర్ని ఉద్ధరించాలి" అని తాళాల గుత్తి తీసుకుని నడుముకి తగిలించుకుంది. అప్పటినుంచీ అది అక్కడే వేలాడుతోంది. అందులో ఇప్పుడు లేని పాత గేటుది ఇనప తాళంచెవి ఒకటి ఉంది, అరచెయ్యంత పొడుగు. దేనికీ పనికిరాదు, అయినా ఎవరూ తీసెయ్యలేదు. పెద్దక్క అడుగేస్తే అది మిగతా వాటికి తగిలి ఠంగుమనేది. సొంత ఇంటి తాళంచెవి కూడా ఆవిడ ఆ గుత్తికే గుచ్చుకుంది.

సోమవారం పరుగుల గదిలో మట్టిముద్దల రోజు. వాడి చొక్కా తగిలించే తాబేలు బొమ్మ కొక్కెం ఉయ్యాల గది గోడ నుంచి ఆ గది గోడకి మారింది. వాడు మట్టి ముట్టుకోలేదు. మంగళవారం తొట్లలో నీళ్ళు పోసి చెంబులూ గరిటెలూ ఇస్తే, అందరూ తడిసి కేరింతలు కొడుతుంటే, వీడు పొడిగా నిలబడి తలుపు వంకే చూశాడట. అయినా పొద్దుటి పూట ఎలాగో గడిచిపోయేది. గండమల్లా మధ్యాహ్నం నిద్రే. అన్నాలు తినిపించి, మూతులు తుడిచి, డైపర్లు మార్చి, పరదాలు వేయగానే రాగం మొదలెట్టేవాడు. అది విని తక్కినవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు.

ఆ గది చూసుకునేది కొత్తమ్మాయి. చేరి మూడేళ్ళు దాటినా ఇంకా కొత్తమ్మాయే. వాణ్ణి అప్పగించే ముందు పెద్దక్క ఆ పిల్లకి అన్నీ నేర్పింది. వాణ్ణి బోర్లా పడుకోబెట్టాలి, కుడిచెంప కింద చెయ్యి పెట్టాలి, వీపు మీద రెండుసార్లు తట్టి ఒకసారి నిమరాలి, మళ్ళీ రెండుసార్లు తట్టాలి. నేర్పుతున్నప్పుడే ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి పాత్రా ఎత్తి పక్కింటివాళ్ళకి ఇచ్చినట్టనిపించింది.

"నువ్వు చెప్పినట్టే చేస్తున్నానక్కా, ఒట్టు" అంది కొత్తమ్మాయి మంగళవారం సాయంత్రం, పెరట్లో బట్టలు మడతపెడుతున్న పెద్దక్క దగ్గరికొచ్చి. ఏడుపు విన్లేక ఆ రెండు రోజులూ నిద్ర వేళకి పెద్దక్క పెరట్లోనే గడిపింది. సాయంత్రం తాళాలు కూడా వాడు తల్లితో వెళ్ళాకే వేసింది. "తడితే తల పైకెత్తి నా నడుం వంక చూస్తాడు, మళ్ళీ అందుకుంటాడు. నాకే ఏడుపొస్తోంది."

మేడం కూడా వచ్చింది. "చూద్దాం అక్కా. శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికీ నిద్రపోకపోతే మళ్ళీ నీ గదికే పంపేద్దాం. ఇంకో నాలుగు నెలలు నీ దగ్గరే ఉంటాడు, ఏం కొంప మునగదు."

"అయ్యో, అలా ఎందుకవుతుంది మేడం, అలవాటు పడతాడు" అంది పెద్దక్క. పైకి అన్న మాట అది. లోపల కొండంత సంతోషం. వాడు ఏడవాలి, ఇంకో మూడు రోజులు గట్టిగా ఏడవాలి, అని కోరుకుంది. కోరుకుని, తన మీద తనకే అసహ్యం వేసి, మడతపెట్టిన తువ్వాలు మళ్ళీ విప్పి మడతపెట్టింది.

బుధవారం రంగుల రోజు. ఉయ్యాల గదిలో సాయం చేసే అమ్మాయికి జ్వరమొచ్చి రాకపోవడంతో, పెద్దక్కకి పెరట్లోకి పారిపోయే వీల్లేకపోయింది. ఆ గదికీ పరుగుల గదికీ మధ్య ఒక్కటే గోడ. పసిపిల్లల్ని ఉయ్యాలల్లో వేసిందో లేదో, గోడ అవతల రాగం మొదలైంది. పెద్దక్క ఇనప ఉయ్యాల ఊపుతూ జోల అందుకుంది. ఆ పాట వాడికి కంఠతా. మెల్లిగానే పాడాలనుకుంది, గొంతు దానంతటదే లేచింది. వినపడాలనే లేచింది, ఇందులో దాచేదేముంది. పదేళ్ళుగా ఈ గదిలో పిల్లలందరూ నిద్రపోయేది తన పాటకేనని ఆవిడ ధీమా. అవతల ఏడుపు ఇసుమంత కూడా తగ్గలేదు.

ఇంతలో ఉయ్యాల్లో పాప గిలక్కాయ కింద పడేసింది. పెద్దక్క వంగింది. నడుముకున్న గుత్తి ఉయ్యాల కమ్మీకి తగిలి ఠంగుమని మోగింది.

గోడ అవతల ఏడుపు టక్కున ఆగిపోయింది.

పెద్దక్క వంగినది వంగినట్టే ఆగింది. కాసేపటికి మళ్ళీ వెక్కిళ్ళు, మళ్ళీ రాగం. జోల పాడి చూసింది, రాగం ఆగలేదు. గుత్తిని కమ్మీకి తాకించింది, ఆగిపోయింది. తను వీపు తట్టినన్నిసార్లూ నడుము దగ్గర ఆ గుత్తి ఉయ్యాల కమ్మీకి తగిలి మోగుతూనే ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. అంటే వాడు నిద్రపోయింది తన చేతికి కాదు, పాటకి కాదు. దేనికీ పనికిరాని ఓ ఇనప ముక్క చప్పుడుకి. ఆవిడకి నవ్వొచ్చింది.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. గుత్తిని తువ్వాలులో చుట్టి ఏప్రన్ జేబులో కుక్కి, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. చెబితే వాడు వెళ్ళిపోతాడు, చెప్పకపోతే సోమవారానికి తిరిగొస్తాడు. తను అబద్ధం ఆడటం లేదు కదా, నోరు మూసుకుందంతే. సాయంత్రం ఒక్కతే కంచం ముందు కూర్చుని, నాలుగు నెలలంటే ఎన్ని సాయంత్రాలో అని ఆశపడింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. అన్నం మాత్రం సహించలేదు.

గురువారం పిల్లలు ముడుల తాడు పట్టుకుని వీధి చివరిదాకా నడిచి రావాలి. ఒక్కొక్కరికీ ఒక్కో ముడి. వాడి ముడి ఖాళీగానే వెళ్ళొచ్చింది. వాడు కదలనన్నాడని వంటావిడకి అప్పగించి వెళ్ళారు. గొంతు బొంగురుపోయి పొద్దున్నుంచీ వాడి ఏడుపుకి శబ్దం కూడా రావడం లేదు. నిద్ర వేళకి పెద్దక్క ఇక ఉండబట్టలేక, పిల్లి అడుగులేసుకుంటూ వరండాలోకి వచ్చి తలుపు అద్దంలోంచి ఓరగా చూసింది.

పిల్లలంతా పరుపుల మీద ఉన్నారు. కొత్తమ్మాయి మరో పిల్లకి ముక్కు తుడుస్తోంది. వాచ్‌మన్ పరుపు మీద లేడు. మూలనున్న బొమ్మల బీరువా దగ్గర, తలుపుకి తల ఆనించి కూర్చున్నాడు. ఒక చేత్తో తాళంకప్పని కదుపుతున్నాడు. అది బీరువాకి తగిలి చిన్నగా టిక్కుమంటోంది. రెండో చేత్తో తన తొడ మీద తనే తట్టుకుంటున్నాడు. రెండుసార్లు తట్టి ఒకసారి నిమురుకుని, మళ్ళీ రెండుసార్లు.

పెద్దక్క అక్కడ నిలబడలేకపోయింది. "ఛీ, నాదీ ఒక బతుకేనా" అనుకుంది. పసివాడు తనని తనే జోకొట్టుకుంటుంటే, చేతిలో మందు పెట్టుకుని తను చోద్యం చూస్తోంది. గబగబా వంటగదిలోకి వెళ్ళి కొత్తమ్మాయిని పిలిపించింది. జేబులోంచి తువ్వాలు తీసి మూట విప్పింది. గుత్తిలోంచి తన ఇంటి తాళంచెవి ఒక్కటీ ఊడదీసుకుని, మిగతాదంతా ఆ పిల్ల నడుముకి తగిలించింది.

"ఇదేంటక్కా? తాళాలు నాకెందుకు?"

"ఎందుకో వాణ్ణడుగు, చెబుతాడు. తట్టేటప్పుడు నడుం కాస్త కదిలించు, గుత్తి మోగాలి. వెళ్ళు ముందు."

"మరి పొద్దున్న తెరిచేదీ, సాయంత్రం మూసేదీ..."

"నువ్వే. వాడు చూపిస్తాడులే, వాడికన్నీ తెలుసు."

పెద్దక్క వంటగదిలోనే నిలబడి విన్నది. ఠంగు. కాస్త ఆగి, ఠంగు. మూడోసారికి గది సద్దుమణిగింది. వంటావిడ గిన్నెలు తోమడం ఆపి, "పడుకున్నాడే!" అని నోరు వెళ్ళబెట్టింది. మేడం వచ్చి పెద్దక్క భుజం తట్టి, "నీ చిట్కాలు నీకే తెలుసక్కా. పోన్లే, రేపట్నుంచి నువ్వూ అందరిలా ఎనిమిదింటికి వద్దువుగాని, ఇన్నేళ్ళూ కష్టపడ్డావు" అంది. మేలు చేస్తున్నాననుకుంది, పాపం.

శుక్రవారం దుప్పట్ల రోజు. వారమంతా వాడిన దుప్పట్లు చుట్టలు చుట్టి, ఎవరివి వాళ్ళ ఇళ్ళకి పంపాలి. తాబేలు బొమ్మ ఉన్న దుప్పటి పెద్దక్కే చుట్టింది, కాస్త నెమ్మదిగా చుట్టింది. వాడు ఆ రోజు అన్నం తిన్నాడు, నిద్రపోయాడు, లేచి బంతాట కూడా ఆడాడని కొత్తమ్మాయి మాటిమాటికీ వచ్చి చెప్పిపోతోంది. సాయంత్రం మేడం వెళుతూ వెళుతూ, "ఇంకేం భయం లేదక్కా, ఇవాళ వాడికి కనబడు" అంది.

పెద్దక్క మొహం కడుక్కుంది. జుట్టు సర్దుకుంది. ఏదో పెళ్ళిచూపులకి తయారవుతున్నట్టుందని తనని తనే ఎగతాళి చేసుకుంది. వరండా చివర గుమ్మం పక్కన దుప్పటి చుట్ట చేత్తో పట్టుకుని నిలబడింది.

ముందు చప్పుడు వినిపించింది. సామాన్ల గది, మందుల బీరువా, వంటగది. తాళం పడటం, ఆ వెనకే చిన్న చేతులు తలుపుని తోసి చూడటం. తర్వాత ఇద్దరూ మలుపు తిరిగారు. కొత్తమ్మాయి నడుముకి గుత్తి, ఆ పిల్ల ఏప్రన్ అంచు పట్టుకుని వాడు.

పెద్దక్క మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు చాచింది.

వాడు ఆగాడు. ఆవిడ మొహం చూశాడు, బాగానే చూశాడు, చిన్నగా నవ్వాడు కూడా. మర్చిపోలేదు. దగ్గరికి వస్తున్నాడు కూడా. వచ్చి, చాచిన చేతుల ముందు నిలబడి, ఆవిడ చేతిలో దుప్పటి చుట్ట చూశాడు, గుమ్మం వైపు చూశాడు. తర్వాత తన చిన్న చెయ్యెత్తి ఊపాడు.

"టాటా" అన్నాడు.

కొత్తమ్మాయి కంగారుపడి, "అది అక్కరా, మన అక్క" అని ఏదో అనబోయింది. వాడు వినిపించుకోలేదు. "టాటా" అన్నాడు మళ్ళీ. వెళ్ళిపోయేదాకా అంటూనే ఉంటాడని పెద్దక్కకి తెలుసు.

"టాటా నాన్నా" అంది. దుప్పటి చుట్ట కొత్తమ్మాయి చేతికిచ్చి, చెప్పులు వేసుకుని గుమ్మం దాటింది. వెనక తలుపు పడింది, తాళం తిరిగింది. లోపల్నుంచి రెండు చిన్న చేతులు తలుపుని తోసి చూశాయి. తాళం గట్టిగానే పడింది.

మెట్ల మీద కాసేపు నిలబడింది. మనల్ని మర్చిపోయేలా పెంచడమే మన పని అని తను చెప్పిన పాఠం గుర్తొచ్చింది. మర్చిపోకుండానే టాటా చెప్పే వాళ్ళ గురించి ఆ పాఠంలో లేదు. వీధిలో దుకాణాల దీపాలు వెలుగుతున్నాయి, వాడి తల్లి ఎదురుగా హడావిడిగా వస్తూ ఆవిణ్ణి గమనించకుండానే దాటిపోయింది. నడుస్తుంటే పక్కన ఎవరో తగ్గినట్టనిపించి పెద్దక్క నడుం తడుముకుంది. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసింది. ఒక్కటే కదా, మోగలేదు.